లారీ ఎవరి వాకిట్లోంచి పోవాలి? భారీ వాహనాల నిబంధనలు: వాడకు తెలియాల్సిన సంగతులు

ఇసుక రీచ్ తెరిచినా, కంకర క్వారీ మొదలైనా ఊళ్లో ముందుగా మారేది రోడ్డే. రాత్రికి రాత్రే టిప్పర్లు బారులు తీరతాయి. నెల తిరిగేసరికి తారు లేచిపోతుంది. గోడలు బీటలిస్తాయి, అన్నంలో దుమ్ము పడుతుంది, పిల్లల్ని బడికి ఒంటరిగా పంపడానికి తల్లులు జంకుతారు. ఆ దారి చాలాచోట్ల మాలపల్లి మీదుగానో మాదిగవాడ మీదుగానో పోతుంది. అడిగితే ఆఫీసుల్లో ఒకటే జవాబు: "అది పబ్లిక్ రోడ్డు, లారీని ఎవరాపుతారు?"

ఆ జవాబు సగమే నిజం. ఏ రోడ్డు మీద ఎంత బరువున్న బండి ఏ వేళ తిరగాలో నిర్ణయించే అధికారం చట్టంలో ఉంది. పట్నంలో పెద్ద కాలనీల కోసం దాన్ని రోజూ వాడుతున్నారు. వాడ విషయానికి వచ్చేసరికే అది గుర్తుకు రాదు. ఆ అధికారం ఎవరి చేతిలో ఉంది, దాన్ని ఎలా కదిలించాలి, ఎక్కడ దాని పరిధి ఆగిపోతుంది అన్నవి ఉద్యమకారులకూ విద్యార్థులకూ పనికొచ్చేలా ఇక్కడ ఒకచోట పెడుతున్నాం.

నేరెళ్లను ఎందుకు గుర్తు చేసుకోవాలి

2017 జూలై మొదటి వారంలో రాజన్న సిరిసిల్ల జిల్లా నేరెళ్ల దగ్గర ఇసుక లారీ కింద పడి ఒక మనిషి చనిపోయాడు. లారీల రాకపోకల మీద అప్పటికే రగులుతున్న జనం ఇసుక లారీలకు నిప్పు పెట్టారు. ఆ తర్వాత పోలీసులు చుట్టుపక్కల ఊళ్ల వాళ్లను పట్టుకుపోయారు. అందులో ఎక్కువమంది దళితులు. కస్టడీలో తమను చిత్రహింసలు పెట్టారని వాళ్లు చెప్పారు. లోక్‌సభ మాజీ స్పీకర్ మీరా కుమార్ వచ్చి బాధితులను పరామర్శించారు. ఒక ఎస్‌ఐని సస్పెండ్ చేశారు. విషయం హైకోర్టు దాకా వెళ్లింది.

అదే ఏడాది ఏప్రిల్ 21న అప్పటి చిత్తూరు జిల్లా ఏర్పేడులో మరో ఘోరం జరిగింది. స్వర్ణముఖి ఇసుక అక్రమ తవ్వకాలపై ఫిర్యాదు చేయడానికి పోలీస్ స్టేషన్ దగ్గరికి వచ్చిన జనం మీదికి అదుపు తప్పిన లారీ దూసుకొచ్చింది. పదిమందికి పైగా చనిపోయారు.

నేరెళ్ల చర్చంతా పోలీసు హింస చుట్టూ తిరిగింది. అలా తిరగడం న్యాయమే. కానీ దానికి ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి వెనకబడింది: ఆ రోడ్డు మీద అన్ని ఇసుక లారీలు తిరగవచ్చని ఎవరు నిర్ణయించారు? ఏ కాగితం మీద? బరువు పరిమితి, వేళల పరిమితి, వేగ పరిమితి పెట్టమని అడిగే దారి జనానికి ఎవరైనా చూపించారా? ఈ ప్రశ్నలు మనిషి చనిపోకముందే అడిగే అలవాటు కావాలి.

చట్టంలో ఏముంది

మూల చట్టం 1988 నాటి మోటారు వాహనాల చట్టం. లోడుతో కలిపి 12,000 కిలోలు దాటే సరుకు బండిని ఈ చట్టం భారీ సరుకు వాహనం అంటుంది. 7,500 కిలోల లోపు ఉంటే తేలికపాటి వాహనం. ఈ రెండింటి మధ్యవి మధ్యతరహా వాహనాలు.

మనకు అన్నిటికంటే ముఖ్యమైనది సెక్షన్ 115. ప్రజల భద్రత కోసం గానీ, సౌకర్యం కోసం గానీ, ఆ రోడ్డు లేదా వంతెన స్థితిని బట్టి గానీ అవసరమనిపిస్తే, ఒక ప్రాంతంలో లేదా ఒక రోడ్డు మీద ఫలానా రకం వాహనాలు తిరగకుండా నిషేధించవచ్చు, లేదా షరతులు పెట్టవచ్చు. ఈ పని రాష్ట్ర ప్రభుత్వం చేయవచ్చు, ప్రభుత్వం అధికారం ఇచ్చిన అధికారి అయినా చేయవచ్చు. దీనికి గెజిట్‌లో నోటిఫికేషన్ ఇవ్వాలి. ఇచ్చాక తగిన చోట్ల బోర్డులు కూడా పెట్టించాలి. బోర్డు పెట్టించడం అధికారి ఇష్టం కాదు, విధి.

ఇందులోనే ఒక వెసులుబాటు ఉంది. ఆంక్ష నెల రోజులకు మించకపోతే గెజిట్ అవసరం లేదు, స్థానికంగా తగిన ప్రచారం చేస్తే చాలు. వాన పడి కల్వర్టు కుంగినప్పుడో, వరుస ప్రమాదాలు జరిగినప్పుడో వెంటనే అడగాల్సింది ఈ నెల రోజుల ఆంక్షనే. "గెజిట్‌కు టైం పడుతుంది" అనే సాకు దానికి చెల్లదు.

సెక్షన్ 115 ట్రెయిలర్ల వాడకాన్ని విడిగా ప్రస్తావిస్తుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలా అవసరం. "భారీ వాహనాలు నిషేధం" అని మాత్రమే ఉత్తర్వు వస్తే, మర్నాటి నుంచి అదే ఇసుక ట్రాక్టర్ ట్రక్కుల్లో పోతుంది. అందుకే అర్జీలో ఏ రకం వాహనాలో, ట్రెయిలర్లతో సహా, విడివిడిగా రాయాలి.

మిగతా సెక్షన్లు క్లుప్తంగా:

సెక్షన్ 112: వేగ పరిమితి. ఒక రోడ్డుకు ప్రత్యేకంగా తక్కువ వేగం నిర్ణయించవచ్చు.

సెక్షన్లు 113, 114: బరువు పరిమితి, బండిని ఆపి కాటా వేయించే అధికారం.

సెక్షన్ 116: రోడ్డు బోర్డులు పెట్టే అధికారం. ఎర్ర అంచు ఉన్న గుండ్రటి బోర్డులు తప్పనిసరిగా పాటించాల్సినవి. లారీలు నిషేధం, బరువు పరిమితి, ఎత్తు పరిమితి, వేగ పరిమితి ఈ కోవలోకి వస్తాయి.

సెక్షన్ 117: వాహనాలు నిలిపే చోట్లు. స్థానిక సంస్థను సంప్రదించి నిర్ణయించాలి. లారీలు వాడ పక్కనే గంటల తరబడి లైన్ కడుతుంటే ఈ సెక్షన్ పనికొస్తుంది.

సెక్షన్ 194: శిక్ష. 113, 114, 115 సెక్షన్లను ఉల్లంఘిస్తే 2019 సవరణ ప్రకారం 20,000 రూపాయల జరిమానా. ఎక్కువ లోడు ఉంటే ప్రతి అదనపు టన్నుకూ మరో 2,000 రూపాయలు. అదనపు లోడు దించేదాకా బండి కదలకూడదు. కాటాకు ఆపకుండా పోతే 40,000 రూపాయలు. "నడిపినవారు" మాత్రమే కాదు, "నడిపించినవారు, నడపనిచ్చినవారు" కూడా దీని కిందికి వస్తారని గమనించాలి. అక్కడికక్కడే కట్టించుకునే రాజీ రుసుమును మాత్రం సెక్షన్ 200 కింద రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. అందుకే రోడ్డు మీద వసూలయ్యే మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

పంచాయతీ ఎంతవరకు చేయగలదు

73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూల్‌లో 13వ అంశం రోడ్లు, కల్వర్టులు, వంతెనలు. గ్రామ రోడ్ల బాగోగులు పంచాయతీరాజ్ వ్యవస్థవే. కానీ సెక్షన్ 115లో పంచాయతీని సంప్రదించాలన్న మాట లేదు. పార్కింగ్ గురించిన సెక్షన్ 117లో ఉన్న ఆ మాట, అంతకంటే ప్రాణాపాయమున్న ఈ విషయంలో లేకపోవడం చట్టంలోని పెద్ద లోపమని మా అభిప్రాయం.

దీని అర్థం గ్రామసభ తీర్మానం దండగ అని కాదు. తీర్మానం తనంతట తాను లారీని ఆపలేదు. కానీ కలెక్టర్ ముందైనా, కోర్టు ముందైనా "ప్రజల భద్రతకు అవసరం" అని చూపించడానికి అదే మొదటి సాక్ష్యం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో దాని బరువు ఇంకా ఎక్కువ. 1996 పెసా చట్టం ప్రకారం అక్కడ ఇసుక, కంకర లాంటి చిన్న తరహా ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ ముందస్తు సిఫారసు తప్పనిసరి. సిఫారసు చేసే దశలోనే రవాణా దారి ఏదో తేల్చమని షరతు పెట్టవచ్చు.

ఒక జాగ్రత్త. ఊరివాళ్లే రోడ్డుకు అడ్డంగా గేటు కట్టడం, కందకం తవ్వడం లాంటివి చేస్తే పబ్లిక్ రోడ్డును అడ్డుకున్నారని కేసు తిరిగి మన మీదే పడుతుంది. ఎత్తు అడ్డకమ్మీ కావాలంటే రోడ్డు ఏ శాఖదో ఆ శాఖ చేతనే పెట్టించాలి.

వాడ మీదుగానే ఎందుకు

దీన్ని యాదృచ్ఛికం అనుకోలేం. మన ఊళ్ల నిర్మాణంలోనే జవాబు ఉంది. వాడను ఊరి చివర పెట్టారు. వాగు, చెరువు, గుట్ట కూడా ఊరి చివరే. ప్రభుత్వం ఇచ్చిన ఇళ్ల స్థలాలు కూడా ఎక్కువగా ఊరికి దూరంగా, బంజరు పక్కన, గుట్ట వాలులో వచ్చాయి. రేపు ఆ గుట్టే క్వారీ అవుతుంది, ఆ వాగే రీచ్ అవుతుంది. అప్పుడు కాంట్రాక్టర్‌కు దగ్గర దారి వాడ రోడ్డే.

రెండో కారణం అధికారం. ఊరి నడి వీధిలో లారీ తిరిగితే సర్పంచ్ ఇంటికి, మండల నాయకుడికి, రైస్ మిల్లు యజమానికి ఇబ్బంది. ఒక్క ఫోనుతో దారి మళ్లుతుంది. మళ్లిన దారి ఎటు పోతుందో ఎవరూ అడగరు. అందుకే "మా వీధిలో లారీలు వద్దు" అన్న డిమాండ్ ఎప్పుడూ న్యాయమైనదని అనుకోకూడదు. ఒక చోట నిషేధం అంటే మరో చోట రద్దీ. ఆ మరో చోటు ఎవరిదన్నది తప్పక చూడాల్సిన విషయం.

రోడ్డుకూ కులానికీ ఉన్న సంబంధం మనకు కొత్త కాదు. 1924లో వైకం సత్యాగ్రహం మొదలైంది గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు కోసం. రాజ్యాంగం ఆర్టికల్ 15(2)లో బావులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు రోడ్లను పేరు పెట్టి చెప్పింది. అప్పుడు సమస్య మనల్ని రోడ్డు ఎక్కనివ్వకపోవడం. ఇప్పుడు మన రోడ్డును మనం వాడుకోలేని స్థితికి తేవడం. ముసలివాళ్లు దాటలేని రోడ్డు, పిల్లలు నడవలేని రోడ్డు, ఆటో రానంటున్న రోడ్డు కాగితం మీద పబ్లిక్ రోడ్డే. ఆ పబ్లిక్‌లో మనం లేమన్నదే తేడా.

పట్నంలో నో ఎంట్రీ, శివార్లలో బారులు

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం లాంటి నగరాల్లో పగటిపూట భారీ వాహనాలకు నో ఎంట్రీ ఉంటుంది. పోలీస్ కమిషనర్ పేరిట ఉత్తర్వులు వస్తాయి. వేళలు, రోడ్లు, మినహాయింపులు అప్పుడప్పుడు మారుస్తారు. అవసరమైన నిబంధనే. స్కూళ్లు, ఆసుపత్రులు, ఇరుకు బజార్లు ఉన్నచోట పగలు లారీలు తిరగకూడదు.

అయితే పగలు ఆగిన లారీ ఎక్కడో ఒకచోట నిలబడాలి. నగర శివార్లలోని బస్తీల పక్కన, సర్వీసు రోడ్ల మీద నిలబడుతుంది. గేటు తెరిచే వేళకు ఒక్కసారిగా కదులుతుంది. డ్రైవర్‌కు నిద్ర ఉండదు, బస్తీకి నిద్ర ఉండదు. ఇక్కడ శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 అక్కరకొస్తాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబుల్స్ పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతాల్లో అత్యవసరమైతే తప్ప హారన్ కొట్టకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. బస్తీ బడి కూడా బడే.

ఓక్లాండ్ చెప్పే పాఠం

ఒక చోటి నిషేధం మరొకరి ఊపిరి తీస్తుందనడానికి అమెరికాలోని ఓక్లాండ్ నగరం పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ. 1951లో అక్కడి మెకార్థర్ బౌలెవార్డ్ మీద నాలుగున్నర టన్నులు దాటిన లారీలను నగరం నిషేధించింది. 1960లలో అదే బాటలో ఫ్రీవే వచ్చాక నిషేధం దానికీ అంటుకుంది. అదే ఇప్పటి 580. చుట్టూ కొండవాలు ఇళ్లు, కాస్త కలిగినవాళ్లు. తర్వాత రాష్ట్ర చట్టంలోకీ ఎక్కింది. ఫలితంగా రేవుకు పోయే లారీలన్నీ సమాంతరంగా ఉన్న 880 ఫ్రీవే మీద పడ్డాయి. దాని చుట్టూ ఉన్నవి నల్లజాతివారు, లాటినోలు, కూలీ జనం ఎక్కువగా ఉన్న పేటలు. రెండు రోడ్లూ ఒకే నగరంలో కొద్ది మైళ్ల దూరంలో ఉన్నాయి. నిబంధనలో జాతి అన్న మాటే లేదు. అయినా పొగ ఎవరికి పోవాలో నిబంధనే నిర్ణయించింది.

అక్కడి జనం ఊరుకోలేదు. 1989 భూకంపంలో వెస్ట్ ఓక్లాండ్ గుండెల మీదుగా కట్టిన సైప్రస్ ఫ్రీవే కూలిపోయింది. దాన్ని మళ్లీ అదే చోట కట్టనివ్వబోమని స్థానికులు పోరాడి పేట అంచుకు జరిపించారు. వెస్ట్ ఓక్లాండ్ ఎన్విరాన్‌మెంటల్ ఇండికేటర్స్ ప్రాజెక్ట్ అనే స్థానిక సంస్థ లారీలు ఎన్ని, ఏ వీధుల్లో, ఏ వేళల్లో వస్తున్నాయో లెక్క తేల్చి ఆ లెక్కతోనే నగరంతో వాదించింది. లారీలకు ప్రత్యేక దారులు నిర్ణయించే ఉత్తర్వు సాధించింది. మనం నేర్చుకోవాల్సింది ఇదే. కోపం అధికారి బల్ల మీద నిలవదు, లెక్క నిలుస్తుంది.

బరువు, రోడ్డు: చిన్న లెక్క

గ్రామీణ రోడ్డు ఎంత బరువు మోయడానికి కట్టారన్నది మన వాదనలో కీలకం. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద, పంచాయతీరాజ్ కింద వేసే రోడ్లు చాలావరకు 3.75 మీటర్లు లేదా అంతకంటే తక్కువ వెడల్పువి. తక్కువ రద్దీని లెక్కలోకి తీసుకుని డిజైన్ చేస్తారు. ఎదురుగా టిప్పర్ వస్తే సైకిల్ దిగి పక్కకు పోవాల్సిందే.

ఇరుసు మీద పడే బరువు పెరిగే కొద్దీ రోడ్డుకు జరిగే నష్టం అదే నిష్పత్తిలో పెరగదు, అంతకంటే చాలా వేగంగా పెరుగుతుంది. 1958-60 మధ్య అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో చేసిన పెద్ద రోడ్డు పరీక్షల నుంచి ఇంజనీర్లు ఒక సూత్రం తీశారు. నష్టం దాదాపు ఇరుసు బరువు నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. అంటే ఇరుసు మీద బరువు రెట్టింపైతే నష్టం సుమారు 16 రెట్లు.

మన దేశంలో 2018లో కేంద్రం ఇరుసు బరువు పరిమితులు పెంచింది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు, రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు 16.2 నుంచి 18.5 టన్నులకు పెరిగింది. ఇరుసు బరువు పెరిగింది 13 శాతం లోపే. పై సూత్రం ప్రకారం ఆ ఇరుసు వల్ల రోడ్డుకు నష్టం 60 శాతం పైగా పెరుగుతుంది. ఇది చట్టబద్ధమైన లోడు సంగతి. ఓవర్‌లోడ్ దీని మీద అదనం. "రోడ్డు నాసిరకంగా వేశారు" అని కాంట్రాక్టర్‌ను తిట్టే ముందు ఈ లెక్క కూడా అర్జీలో పెట్టాలి.

క్వారీ అనుమతి పత్రంలోనే ఆయుధం

చాలామందికి తెలియని దారి ఇది. గనులు, క్వారీలు, ఇసుక రీచ్‌లకు 2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కావాలి. ఆ అనుమతితో పాటు షరతుల జాబితా ఉంటుంది. గనులకు కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ రూపొందించిన ప్రామాణిక షరతుల్లో రవాణా గురించి స్పష్టంగా ఉంది. సారాంశం ఇది:

ఊళ్ల మీదుగా, నివాసాల మీదుగా పోయే రోడ్ల మీద ఖనిజం తరలించకూడదు. అలాంటి చోట లీజుదారుడే బైపాస్ రోడ్డు వేసుకోవాలి. అది నివాసాలకు కనీసం 200 మీటర్ల ఎడంగా ఉండాలి.

ఉన్న గ్రామ రోడ్డును వాడాలంటే ముందు సంబంధిత శాఖను సంప్రదించి, ఆ బరువు మోసేలా దాన్ని పటిష్ఠం చేయాలి. ఆ ఖర్చు లీజుదారుడిదే.

లారీల మీద కప్పు ఉండాలి, ఓవర్‌లోడ్ ఉండకూడదు, దారి పొడవునా నీళ్లు చల్లాలి.

ప్రతి అనుమతిలోనూ ఇవన్నీ ఇవే మాటల్లో ఉంటాయని అనుకోకూడదు. ముందు మన క్వారీ అనుమతి పత్రం చదవాలి. అది కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్‌లో దొరుకుతుంది. లేకపోతే సమాచార హక్కు కింద అడగాలి. షరతులు పాటిస్తున్నట్టు లీజుదారుడు ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న అర్ధవార్షిక నివేదిక ఇవ్వాలి. అది బహిరంగ పత్రం. "నీళ్లు చల్లుతున్నాం, బైపాస్ వాడుతున్నాం" అని అందులో రాసి ఉంటే, వాడలో తీసిన తేదీలున్న ఫొటోలు దాని పక్కన పెడితే చాలు.

షరతు ఉల్లంఘన పర్యావరణ పరిరక్షణ చట్టం కిందికి వస్తుంది కాబట్టి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు పోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నైలోని దక్షిణ బెంచ్ పరిధిలోవి. ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 14 కింద ఆరు నెలల గడువు ఉంటుంది, సరైన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు. నష్టపరిహారం కోసం సెక్షన్ 15 కింద అయిదేళ్లు. అయితే మోటారు వాహనాల చట్టం ట్రిబ్యునల్ పరిధిలో లేదు. "సెక్షన్ 115 ఉత్తర్వు ఇప్పించండి" అని అక్కడ అడిగితే పని కాదు. దానికి కలెక్టర్, ప్రభుత్వం, చివరికి హైకోర్టు.

అట్రాసిటీ చట్టం ఎప్పుడు వర్తిస్తుంది

లారీ వాడ మీదుగా పోయినంత మాత్రాన అట్రాసిటీ కేసు నిలవదు. నిలవని కేసు పెడితే ఊళ్లో మనమే బలహీనపడతాం. వర్తించే సందర్భాలు వేరే ఉన్నాయి. 2015 సవరణ తర్వాత సెక్షన్ 3(1)(జెడ్‌ఏ) ప్రకారం ఎస్సీ, ఎస్టీలను రోడ్డు, దారి, శ్మశానం, ఉమ్మడి వనరులు ఇతరులతో సమానంగా వాడుకోనివ్వకుండా అడ్డుకోవడం నేరం. సెక్షన్ 3(1)(వై) ఆనవాయితీగా ఉన్న దారి హక్కును కాదనడం గురించి చెబుతుంది. వాళ్లు వాడే నీటి వనరును పాడుచేయడమూ ఈ చట్టం కింద నేరమే. క్వారీవాళ్లు మన శ్మశానం దారిని లారీల కోసం ఆక్రమించినా, లారీలు ఆపమన్నందుకు కులం పేరుతో తిట్టినా, కొట్టినా, బహిష్కరించినా చట్టం వర్తిస్తుంది. ఈ చట్టం కింద చేయాల్సిన విధిని అధికారి కావాలని చేయకపోతే సెక్షన్ 4 ఉంది.

ఏం చేయాలి: వరుసగా

మొదట లెక్క. కనీసం వారం రోజులు, ఇద్దరిద్దరు చొప్పున, గంట గంటకూ ఎన్ని బండ్లు పోయాయో రాయాలి. లారీ, టిప్పర్, ట్రాక్టర్ విడివిడిగా. బడి వేళలు, రాత్రి వేళలు ప్రత్యేకంగా. వీలైతే నంబర్ ప్లేటు, కప్పు ఉందా లేదా అన్నది కూడా. విద్యార్థి సంఘాలు చేయదగ్గ పని ఇది.

తర్వాత పటం. బడి, అంగన్‌వాడీ, బోరింగు, చర్చి, శ్మశానం, రోడ్డుకు ఆనుకున్న ఇళ్లు గుర్తించాలి. వాడ తప్పించే మరో దారి ఉందా, అది ఎవరి వాకిట్లోంచి పోతుందో చూడాలి. మన బరువు తీసి పక్క ఎరుకలవాడ మీదో, తండా మీదో వేసే డిమాండ్ చేయకూడదు.

మూడోది సమాచార హక్కు. రోడ్డు ఏ శాఖది, ఎంత బరువుకు డిజైన్ చేశారు, సెక్షన్ 115 కింద జిల్లాలో ఏ నోటిఫికేషన్లు ఉన్నాయి, ఏడాదిలో ఎన్ని ఓవర్‌లోడ్ కేసులు రాశారు, క్వారీ అనుమతి పత్రం ప్రతి. గ్రామ స్థాయి ఆఫీసులో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పై స్థాయిలో 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి.

నాలుగోది అర్జీ. కలెక్టర్, ఎస్పీ లేదా కమిషనర్, రవాణా శాఖ, రోడ్డు శాఖ, గనుల శాఖ, అయిదుగురికీ ఒకే అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. అడగాల్సినవి తేల్చి రాయాలి: ఏ రోడ్డు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఏ రకం వాహనాలు, ఏ వేళలు, ఎంత వేగం, బోర్డులు ఎక్కడ, కాటా ఎక్కడ. మినహాయింపులూ మనమే రాయాలి. ఆర్టీసీ బస్సు, అంబులెన్స్, ఫైరింజన్, నీళ్ల ట్యాంకర్, పంట తోలే బండ్లు, వాడలో ఇళ్లు కట్టుకునేవారి సామాను. లేకపోతే రేపు అదే నిబంధన చూపించి మన ఇంటి ఇటుకల ట్రాక్టర్‌ను ఆపుతారు.

అయిదోది, కదలిక లేకపోతే. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు ప్రజా ఉపద్రవం తొలగించమని దరఖాస్తు చేయవచ్చు. పాత సెక్షన్ 133 ఇదే. ఆపై ఆర్టికల్ 226 కింద హైకోర్టు. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ఇచ్చిన హక్కు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అడగాలి.

ప్రమాదం జరిగిపోతే పోలీసులు రాసిన ఎఫ్‌ఐఆర్ ప్రతి తీసుకుని మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లో ఆరు నెలల్లోపే కేసు వేయడం క్షేమం. గుద్దిన బండి ఏదో తెలియకపోతే సెక్షన్ 161 పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయాలకు 50 వేల రూపాయలు వస్తాయి. ఊరి పెద్దల సమక్షంలో తెల్ల కాగితం మీద రాజీ రాయించుకుని పంపించేయడం చాలాచోట్ల చూస్తున్నాం. ఆ కాగితం మీద సంతకం పెట్టకముందే వకీలును కలవాలి.

డ్రైవర్ శత్రువు కాదు

చివరిగా ఒక మాట. లారీ స్టీరింగ్ మీద ఉన్న డ్రైవర్, పక్కన క్లీనర్, రీచ్‌లో లోడెత్తే కూలీ చాలామంది మన వాడల నుంచి, మనలాంటి వాడల నుంచి వచ్చినవాళ్లే. ట్రిప్పు లెక్కన కూలి ఇస్తే డ్రైవర్ వేగంగానే నడుపుతాడు. నాలుగు ట్రిప్పులు కొట్టమన్న యజమాని ఎక్కడో ఉంటాడు, జనం చేతికి చిక్కేది డ్రైవర్. అందుకే మన డిమాండ్లలో "రోజుకు ఇన్ని ట్రిప్పులే" అన్న పరిమితి, లోడు కాటా రీచ్ గేటు దగ్గరే వేయాలన్న షరతు, జరిమానా డ్రైవర్ జీతంలో కోయకుండా యజమాని మీదే పడాలన్న మాట ఉండాలి. సెక్షన్ 194లో "నడపనిచ్చినవారు" అన్న మాట ఉన్నది అందుకే.

మీ ఊరి రోడ్డు మీద ఇప్పటికే నోటిఫికేషన్ ఉందో లేదో తెలుసుకోవడం ఈ వారమే చేయగలిగిన పని. ఉంటే బోర్డు పెట్టించండి. లేకపోతే వాడలో నలుగురు కూర్చుని, ఒక నోటుబుక్కు తీసుకుని, లారీలు లెక్కపెట్టడం మొదలుపెట్టండి.